మోరే ఈల్ తినట్లేదా? ముందు నీళ్ళు చూడండి

మొన్న శనివారం మా టీములో ఒక తమ్ముడు పింగ్ చేశాడు. "అన్నా, నేను గూడ నీ లెక్క ఫ్రెష్‌వాటర్ మోరే తెచ్చిన. ఐదు రోజులైంది, ఏం తింటలేదు. నువ్వేం పెడ్తవ్?" అని. రెండు లైన్లలో జవాబిద్దామని మొదలుపెట్టా. రెండు పేరాలయింది, ఇంకా అసలు విషయంలోకే రాలేదు. సరే, ఇదేదో నలుగురికీ పనికొచ్చేట్టు ఇక్కడే రాసేద్దామని కూర్చున్నాను.

ముందే చెప్పేస్తున్నా. నేను చేపల డాక్టర్ని కాదు. పొద్దున కోడు, రాత్రి కాల్స్, మధ్యలో ఒక అక్వేరియం. అంతే. కానీ ఈ ఒక్క చేప విషయంలో నేను చేసిన తప్పుకి అది నెల రోజులు పస్తులుంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో కొంచెం గట్టిగానే మాట్లాడతా.

తెలియనివాళ్ళ కోసం: మోరే ఈల్ అంటే చూడ్డానికి అచ్చం పాములాగా ఉండే చేప. పొలుసులుండవు, ఒళ్ళంతా జిగురు. నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. కరవడానికి కాదు లెండి, ఊపిరి పీల్చుకోడానికి. మామూలుగా ఇవి సముద్రంలో రాళ్ళ సందుల్లో ఉంటాయి. సముద్రపు నీళ్ళ అక్వేరియం పెట్టాలంటే బోలెడు ఖర్చు. అందుకని అంగళ్ళవాళ్ళకి ఒక చక్కటి పేరు దొరికింది, "ఫ్రెష్‌వాటర్ మోరే". ముదురు గోధుమరంగు ఒంటి మీద పసుపు చుక్కలు చల్లినట్టుంటుంది. మామూలు నీళ్ళ తొట్లో మోరే అంటే మనలాంటి వాడు ఎగిరి గంతేసి కొంటాడు. నేనూ కొన్నా. నిజం చెప్పాలంటే వీడియో కాల్లో వెనకాల కనిపిస్తే బాగుంటుందని కొన్నా. సిగ్గుగానే ఉంది కానీ అదే కారణం.

హైదరాబాదులో షాపువాడిని నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఏం తింటుంది?". "అన్నీ తింటది సార్, ఏమేసినా తింటది" అన్నాడు. ఆక్సిజన్ పట్టిన కవర్లో పెట్టి, దాన్నొక థర్మోకోల్ డబ్బాలో పెట్టి ఇచ్చాడు. ఎమ్జీబీఎస్‌లో సాగర్ బస్సెక్కి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చా. కండక్టరు డబ్బాలో ఏముందని అడిగితే చేప అన్నాను. "సాగర్‌కు చేపలు తీస్కపోతున్నవా?" అని ఆయన నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసేమో అని తర్వాత అనిపించింది.

మా ఇల్లు నందికొండలో, హిల్ కాలనీలో. నాన్న డ్యామ్ మీద పనిచేసి రిటైరయ్యారు. నాగార్జునసాగర్ అని లోకమంతా అంటుంది కానీ ప్రాజెక్టుకి మొదట్లో ఉన్న పేరు నందికొండే, ఇప్పుడు మునిసిపాలిటీ పేరు కూడా అదే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967లో కాలవలకి నీళ్ళొదిలారు. 124 మీటర్ల ఎత్తు గోడ వెనక కృష్ణ మొత్తం ఆగి ఉంటుంది. మా కుళాయిలో వచ్చేదీ ఆ నీళ్ళే. హైదరాబాదులో మీలో చాలామంది కుళాయిల్లో వచ్చేదీ అదే, ఇక్కణ్ణుంచి అక్కంపల్లి మీదుగా వచ్చే కృష్ణ. ఇంతకన్నా మంచి నీళ్ళు చేపకి ఎక్కడ దొరుకుతాయి అనుకున్నా. మూడడుగుల తొట్టి, నూట నలభై లీటర్లు, గుండ్రాళ్ళు, ఒక పీవీసీ గొట్టం ముక్క. జానెడు కన్నా కొంచెం పొడుగున్న పిల్ల. వదలగానే గొట్టంలోకి దూరి తల మాత్రం బయట పెట్టింది.

మొదటి రోజు గుళికలు వేశా. చూడలేదు. ఎండబెట్టిన బ్లడ్‌వార్మ్స్ వేశా. అదీ లేదు. కొత్త కదా, బెదిరి ఉంటుందిలే అని రెండు రోజులు ఆగా. నాన్న మిర్యాలగూడ వెళ్ళినప్పుడు వెనామీ రొయ్యలు తెచ్చారు. పొట్టు తీసి ముక్కలు చేసి వేస్తే పొద్దునకి అవి అక్కడే తెల్లగా ఉబ్బి ఉన్నాయి. వారం దాటింది. ఎవరో చెప్పారని బతికున్న గోల్డ్‌ఫిష్ పిల్లలు నాలుగు వదిలా. రెండు రోజుల తర్వాత నాలుగూ హాయిగా తిరుగుతున్నాయి, ఇది గొట్టంలోనే ఉంది. ఇంట్లో అక్వేరియం జనాభా పెరిగిందంతే.

మా అమ్మకి మొదటినుంచీ ఈ వ్యవహారం నచ్చలేదు. "గా పాముకు రొయ్యలు, మాకేమో తోటకూర" అని రోజూ ఒకసారి. కానీ రెండో వారం వచ్చేసరికి ఆవిడ గొంతు మారింది. "ఏమన్న తిన్నదా బిడ్డా?" అని పొద్దున్నే అడగడం మొదలుపెట్టింది. ఒకరోజు, "నోరు లేని జీవి, ఉపాసముంటే మనకు మంచిది గాదు. సాగర్ల ఇడిచిపెట్టు, దాని బతుకు అది బతుకుతది" అంది. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. నెట్‌లో వెతికీ వెతికీ విసిగిపోయి ఉన్నా. వెతికిందంతా ఒకటే ప్రశ్న: ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి, వెల్లుల్లి రసంలో ముంచాలా, లైటు ఆర్పాలా. ప్రశ్నే తప్పు అని తట్టలేదు.

సాగర్ ఒడ్డున చేపలు పట్టి బతికే వాళ్ళలో విశాఖ వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిపోయిన కుటుంబాలు కూడా ఉన్నాయి. అలాంటి ఒక పెద్దాయనతో నాన్నకి పరిచయం. వదిలే ముందు ఒక మాట అడుగుదామని ఫోన్లో తీసిన ఫొటో చూపించా. చూడగానే అన్నాడు, "ఏటి బాబూ, ఇది ఉప్పుటేటిది కదేటి? మంచినీళ్ళల్లో ఎలగ బతుకుతాది?" అని.

అంతే. పందొమ్మిది రోజులు నేను గూగుల్లో పట్టుకోలేనిది ఆయన ఫొటో చూసి రెండు సెకన్లలో చెప్పేశాడు.

ఉప్పుటేరు అంటే సముద్రం పోటు ఏట్లోకి తన్నుకొచ్చే చోటు, సగం ఉప్పు సగం తీపి. ఈ చేప ఇల్లు అదే. దీని శాస్త్రీయ నామం జిమ్నోథొరాక్స్ టిలే. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే ఆయన 1822లో గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని మొదట వర్ణించాడు. గంగ చేపల పుస్తకంలో ఉంది కాబట్టి మంచినీటి చేప అని ఎవరైనా అనుకోవచ్చు, కానీ గంగకి చివర సముద్రముంది కదా. హుగ్లీ ముఖద్వారం నుంచి ఆగ్నేయాసియా దాకా నది సముద్రంలో కలిసే బురద నేలల్లో ఉంటుంది. వానల్లో అక్కడ నీళ్ళు దాదాపు తియ్యగా అయిపోతాయి, ఎండాకాలంలో ఉప్పెక్కుతాయి. ఆ మార్పు తట్టుకునే ఒళ్ళు దానిది. తట్టుకుంటుంది కాబట్టే వ్యాపారికి పని సులువైపోయింది. మంచినీళ్ళ తొట్లో వేస్తే వెంటనే చావదు. కొన్ని వారాలో నెలలో ఉంటుంది. ఈలోపు అమ్ముడుపోతుంది.

చేప ఒంట్లో ఉప్పు చుట్టూ ఉన్న నీటి కన్నా ఎక్కువుంటే నీళ్ళు లోపలికి చొరబడుతూ ఉంటాయి, ఉప్పు బయటికి పోతూ ఉంటుంది. రవ్వ, బొచ్చె, కొరమీను లాంటి మంచినీటి చేపలు ఆ నీళ్ళని తోడి పారబోయడానికి, ఉప్పుని పట్టి ఉంచడానికి తగ్గట్టే తయారయ్యాయి. ఉప్పుటేటి చేపకి అది కొన్నాళ్ళు చేయగలిగే ఓవర్‌టైమ్ మాత్రమే. ఎల్లకాలం ఓవర్‌టైమ్ చేసేవాడికి అన్నం సహిస్తుందా? ఎక్కువగా ముందు కనిపించేది తిండి మానెయ్యడం. తర్వాత చర్మం మీద పుళ్ళు, ఫంగస్. మనం ఏమో ఆ మొదటి లక్షణాన్ని పట్టుకుని మెనూ మారుస్తూ ఉంటాం.

మన భాషలో చెప్పాలంటే మెమరీ లీకున్న సర్వర్ లాంటిది. స్టార్ట్ అవుతుంది, రిక్వెస్టులు తీసుకుంటుంది, డెమో బ్రహ్మాండంగా అవుతుంది. "నా దగ్గర మూడు నెలలుగా మంచినీళ్ళలోనే ఉంది, ఏం కాలేదు" అని చెప్పేవాళ్ళందరూ డెమో చూపిస్తున్నవాళ్ళే. మూడు నెలలు కాదు సార్, సరిగ్గా చూసుకుంటే ఏళ్ళ తరబడి బతికే జీవి అది. రెండడుగులు పెరుగుతుంది. ఆ లెక్కలో మూడు నెలలెంత?

మా బాబాయి ఒకాయన దీనికి అడ్డం తగిలాడు. "మలుగుపాము కూడ పాములాంటి చేపే గదా, అది మంచినీళ్ళల్లనే పెరుగుతది" అని. నిజమే. అది వేరే వంశం, అంగ్విల్లా. దాని కథ తమాషాగా ఉంటుంది. సముద్రంలో పుట్టి, పిల్లగా ఉండగా నదికి ఎదురెక్కి వచ్చి, మంచినీళ్ళలో ఏళ్ళపాటు పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ సముద్రానికే పోతుంది. అంటే దాని ఒళ్ళు రెండు చోట్లకీ తయారై ఉంది. మోరే అలా ఎక్కి రాదు. (ఇప్పుడు మలుగుపాము మా దాకా రావాలన్నా ప్రకాశం బ్యారేజీ, పులిచింతల, ఆ పైన మా డ్యామ్ గోడ. దానికో మెట్లదారి పెట్టాలని ఎవరికీ తట్టినట్టు లేదు. అది ఇంకో రోజు రాస్తా.) మరి మంచినీటి మోరే అసలు లేనే లేదా అంటే, ఉంది. జిమ్నోథొరాక్స్ పాలీయురానోడాన్ అని, ఇండోనేషియా, పపువా న్యూ గినీ, ఈశాన్య ఆస్ట్రేలియా, ఫిజీ వైపు ఏళ్ళలో మంచినీళ్ళ దాకా వస్తుంది. మన షాపుల్లో ఆ పేరు పెట్టి అమ్మేది అది కాదు.

అసలు మోరేలని తొట్లలో పెంచడం కొత్త కాదు. రోమన్ ధనవంతులకి ఇదొక పిచ్చి. ఆంటోనియా అనే రాజకుటుంబపు స్త్రీ తన మోరేకి చెవిపోగులు పెట్టిందని ప్లినీ రాశాడు. వీడియస్ పోలియో అనేవాడు గాజు పాత్ర పగలగొట్టిన బానిసని మోరేల చెరువులో పారెయ్యమంటే, అతిథిగా వచ్చిన అగస్టస్ చక్రవర్తి ఆ ఇంట్లో గాజు పాత్రలన్నీ పగలగొట్టించి, చెరువు పూడ్పించాడని చెప్తారు. క్రూరులే, సందేహం లేదు. కానీ వాళ్ళకి కూడా ఒక విషయం తెలుసు. లుకుల్లస్ అనేవాడు తన చేపల చెరువుల్లోకి సముద్రపు నీళ్ళు రావడానికి నేపుల్స్ దగ్గర కొండనే తొలిపించాడు. రెండు వేల ఏళ్ళ క్రితం చేపకి దాని నీళ్ళు కావాలని తెలిసినప్పుడు, కిలో సముద్రపు ఉప్పు ఆన్‌లైన్లో రెండు రోజుల్లో ఇంటికొచ్చే కాలంలో మనకి తెలియకపోవడమేమిటి?

పైగా నేను నల్లగొండ జిల్లా వాణ్ణి. కంటికి తేటగా కనబడే నీళ్ళన్నీ ఒకటి కావని మాకంటే ఎవరికి తెలియాలి? ఫ్లోరైడ్ నీళ్ళు చూడ్డానికి అద్దంలా ఉంటాయి. ఆ నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన వాళ్ళని చూస్తూ పెరిగాం. పటికా సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంలో "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. అంత తెలిసీ, తొట్టి పక్కన నిలబడి "నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా" అనుకున్నా.

సరే, ఏం చేశానో చెప్తా, తమ్ముడు అడిగింది అదే కాబట్టి.

వంటింటి కళ్ళుప్పు వెయ్యకండి. అది ఒట్టి సోడియం క్లోరైడ్. అక్వేరియం కోసం అమ్మే మెరైన్ సాల్ట్ అని ఉంటుంది, దాంట్లో కాల్షియం, మెగ్నీషియం అన్నీ సముద్రంలో ఉండే పాళ్ళలో ఉంటాయి. సముద్రంలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు. నేను దాంట్లో నాలుగో వంతు దాకా, అంటే లీటరుకి తొమ్మిది గ్రాముల దాకా తీసుకెళ్ళా. పెద్దయ్యే కొద్దీ ఇంకా పెంచాలి. అంతా ఒకేసారి పొయ్యకూడదు. వేరే బకెట్లో ఉప్పు కలిపి, బాగా కరిగాక, ఉన్న నీళ్ళు కొంచెం తీసి ఇవి కొంచెం పోస్తూ మూడు వారాల్లో ఎక్కించాలి. చేప కోసమే కాదు, ఫిల్టర్లో అమ్మోనియాని తినే బాక్టీరియా కూడా అలవాటు పడాలి, లేకపోతే ఉప్పు సరిచేసి అమ్మోనియాతో చంపుతాం. హైడ్రోమీటర్ కొనండి, అంచనాలొద్దు. ప్రొడక్షన్లో లాగులు చూడకుండా మార్పులు చేస్తారా?

తిండి సంగతికొస్తే, కొత్త చోట వారం పది రోజులు తినకపోవడం సరైన నీళ్ళలో ఉన్న మోరేకి కూడా మామూలే, కంగారు పడి నోట్లో కుక్కొద్దు. చీకటి పడ్డాక పెట్టండి. అది రాత్రి జీవి. నా షిఫ్టూ దాని షిఫ్టూ ఒకటే కాబట్టి నాకు ఇబ్బంది లేదు :) దానికి చూపు తక్కువ, అంతా వాసనే. అందుకే పడేసిన ముక్క పక్కనే ఉన్నా దొరక్కపోవచ్చు. పొడుగాటి పట్టకారుతో ముక్కని పట్టుకుని మూతి ముందు మెల్లగా కదపాలి. వేళ్ళతో వద్దు, అది వేలికీ రొయ్యకీ తేడా చూడదు. రొయ్య, ఆల్చిప్ప మాంసం, జిలేబీ చేప ముక్క, ఇలా మారుస్తూ ఉండాలి. రోజూ రొయ్యలే పెడితే వాటిలో ఉండే థయమినేజ్ అనే ఎంజైము బి1 విటమిన్‌ని పాడుచేస్తుంది. బతికున్న గోల్డ్‌ఫిష్ వద్దే వద్దు, దాంట్లోనూ అదే సమస్య, పైగా రోగాలు తెస్తుంది. పిల్లకి వారానికి రెండు మూడు సార్లు చాలు. మిగిలిన ముక్కలు ఆ రాత్రే తీసెయ్యాలి.

మూత గట్టిగా ఉండాలి. ఇది ఒట్టి జాగ్రత్త మాట కాదు. మోరేకి గొంతులో ఇంకో జత దవడలుంటాయి, అవి ముందుకొచ్చి పట్టిన ఎరని లోపలికి లాక్కెళ్తాయి. 2007లో రీటా మెహతా, పీటర్ వెయిన్‌రైట్ అనే శాస్త్రవేత్తలు దీన్ని వీడియో తీసి చూపించారు. స్నోఫ్లేక్ మోరే అనే దీని చుట్టం ఆ దవడల పుణ్యాన నీళ్ళ బయట కూడా ఎరని మింగగలదని 2021లో మెహతానే చూపించింది. అంటే తొట్టి బయటికి రావడం దానికి పెద్ద వింత పని కాదు. మా అమ్మ పొద్దున్నే హాల్లోకొచ్చి దాన్ని నేల మీద చూస్తే ఏమవుతుందో ఊహించుకుని నేను మూత మీద రెండు ఇటుకలు పెట్టా.

ముప్ఫై మూడో రోజు రాత్రి, క్లయింట్ కాల్లో మ్యూట్‌లో ఉండి, పట్టకారుతో రొయ్య ముక్క చూపించా. తల బయటికొచ్చింది. కాసేపు వాసన చూసింది. మళ్ళీ లోపలికెళ్ళింది. ఇంక ఇవాళ్టికింతే అనుకుంటుండగా ఒక్క ఊపున వచ్చి లాక్కుపోయింది. పట్టకారు కూడా చేతిలోంచి జారింది. కాల్లో ఎవరో నా పేరు పిలుస్తున్నారు, స్టేటస్ ఏమిటని.

ఇది చదివి "ఓహో, ఉప్పు కలిపితే సరిపోతుందన్నమాట, కొనేద్దాం" అనుకునేవాళ్ళకి ఒక మాట. కొనకండి. మార్కెట్లో దొరికే మోరేలు గుప్పీల్లా తొట్టెల్లో పుట్టి పెరిగినవి కావు, ఏదో ఒక ఉప్పుటేట్లో పట్టుకొచ్చినవి. ఒకటి చస్తే ఇంకోటి పట్టుకొస్తారు. నా దగ్గరున్నది బతికింది కాబట్టి నేను కొనడం మంచి పనైపోదు. ఇప్పటికే తెచ్చుకున్నవాళ్ళు నీళ్ళు మార్చండి. షాపువాడిని తిట్టి లాభం లేదు, అతనికీ ఎవరో అలాగే చెప్పి అమ్మి ఉంటారు. కానీ మళ్ళీ వెళ్ళినప్పుడు నేను చేసినట్టు "ఏం తింటది" అని కాకుండా "ఎక్కడిది, ఏ నీళ్ళల్లోది" అని అడగండి. పదిమంది అడిగితే లేబుల్ మీద రాయక తప్పదు. నేను వెళ్ళి అడిగాను. "సార్, ఉప్పు అని రాస్తే ఎవరు కొంటరు?" అన్నాడు. నిజాయితీగా చెప్పాడనే అనుకుంటున్నా.

సాగర్లో వదలడం గురించి కూడా: వద్దు. మన తొట్లో చంపేది అక్కడా చంపుతుంది, అదీ మంచినీళ్ళే కదా. నదీముఖం ఇక్కణ్ణుంచి రెండొందల కిలోమీటర్ల పైనే ఉంది. తీసుకెళ్ళి అక్కడ వదిలితేనో అని కూడా ఆలోచించా. గోల్డ్‌ఫిష్‌లతో కలిసి ఉన్న చేప, ఏ రోగం మోసుకెళ్తుందో తెలియదు. తెచ్చుకున్నాం, పెంచాలి. రెండేళ్ళలో దీనికి ఐదడుగుల తొట్టి కావాలి. నాన్న నిన్న టేపు పట్టుకుని హాల్లో గోడ కొలుస్తున్నారు. ఏమీ మాట్లాడలేదు, టీవీ స్టాండు ఎక్కడికి జరపాలో మాత్రం అడిగారు.

తమ్ముడికి లింకు పంపిస్తున్నా. ఐదు రోజులే అయింది కాబట్టి టైముంది. ఉప్పు రేపే ఆర్డర్ పెట్టు. గోల్డ్‌ఫిష్ వేసి ఉంటే తీసెయ్, నా దగ్గర ఇంకా నాలుగున్నాయి, వాటితో పాటు ఉంచుతా.